చివరి నల్లా దగ్గర నిలబడి లెక్క మొదలుపెట్టండి

మన పట్టణ మున్సిపల్ పాలకవర్గానికి, కమిషనర్ గారికి, ఇంజినీరింగ్ విభాగం వారికి నమస్కారాలు.

నేను ఈ ఊళ్లో ఇరవై ఆరేళ్లు నీళ్లు వదిలిన మనిషిని. గ్రామపంచాయతీ రోజుల్లో పంపు ఆపరేటర్‌గా చేరాను. మున్సిపాలిటీ అయ్యాక కూడా అదే పని చేసి, రెండేళ్ల కిందట మానుకున్నాను. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ గల్లీలో ధార పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో నా చేతులకు తెలుసు. ఈ మధ్య కొత్త నీటి పథకానికి నిధులు వస్తున్నాయని, అందులో మొదటి పని బస్టాండు వెనుక పెద్ద ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టడమని విన్నాను. శంకుస్థాపన రాయి పడ్డాక ఎవరు ఏం చెప్పినా లాభం ఉండదు. అందుకే ముందే, అందరికీ తెలిసేలా ఈ లేఖ రాస్తున్నాను.

ట్యాంకు వద్దని నేను అనడం లేదు. ట్యాంకు దగ్గర మొదలుపెట్టవద్దు అంటున్నాను. గుట్టవాడలో లైను ఆగిపోయే చోట, చివరి ఇంటి నల్లా దగ్గర మొదలుపెట్టండి. ఆ నల్లాకు రోజుకు ఎన్ని నీళ్లు రావాలి, ఎంత ప్రెషర్‌తో రావాలి, వచ్చేవి ఏ నీళ్లు కావాలి? ఈ మూడింటికి జవాబు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడవండి. పైపు ఎంత లావుండాలో, వాల్వు ఎక్కడుండాలో, ట్యాంకు ఎక్కడ కట్టాలో ఆ నడకలోనే తేలుతుంది.

గుట్టవాడలో నేను పడ్డ మాటలు ఈ జన్మకు మరిచిపోను. పొద్దున ఐదున్నరకు వాల్వు తిప్పి, సైకిల్ మీద పైకి వెళ్లేవాణ్ని. అప్పటికే ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టి కూర్చునేవారు. ఒక పెద్దమ్మ రోజూ ఒకే మాట అనేది: "బిడ్డా, నువ్వేమో నీళ్లు ఇడిచినంటవు. మా కాడికొచ్చేసరికి గాలే వస్తది." ఆమె అన్నది అక్షరాలా నిజం. నల్లా తిప్పితే ముందు బుస్సుమని గాలి వచ్చేది. కాసేపటికి వేలంత ధార. రెండు బిందెలు నిండేలోపు కింది వాడల వంతు వచ్చేసేది, నేను వాల్వు కట్టేయాల్సి వచ్చేది. ఖాళీ పైపు నిండడానికే వాళ్ల వంతు గంట గడిచిపోయేదని ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

అప్పుడు అందరూ ట్యాంకు సరిపోవడం లేదనే అన్నారు. ఇప్పుడూ అదే అంటున్నారు. కానీ ఆ నీళ్లు ఎటు పోతున్నాయో నేను కళ్లారా చూశాను. ట్యాంకు దగ్గరి ఇళ్లలో సంపులున్నాయి. వాల్వు తిప్పిన మొదటి ఇరవై నిమిషాలు నీళ్లన్నీ ఆ సంపుల్లోకే పోతాయి. నీళ్లకు వాళ్లూ వీళ్లూ అని ఉండదు, పల్లం దొరికితే అటే పోతాయి. ఇంకో మూడు లక్షల లీటర్ల ట్యాంకు అక్కడే కడితే ఆ మూడు లక్షలు కూడా ముందు పల్లానికే దిగుతాయి.

ఇక ఎత్తు సంగతి. పది మీటర్ల నిలువు నీరు ఇచ్చే ఒత్తిడినే మనం వాడుకగా ఒక కేజీ ప్రెషర్ అంటాం. ఒక అంతస్తు ఇల్లున్న చోట నల్లా కనెక్షన్ దగ్గర కనీసం 7 మీటర్ల ప్రెషర్, రెండంతస్తులైతే 12 మీటర్లు ఉండాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ వాళ్ల 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్ చెప్పింది. బస్టాండు ఊళ్లో దాదాపు అన్నింటికంటే పల్లం, పక్కనే చెరువు. గుట్టవాడ చివర దాని కంటే పదకొండు మీటర్లు ఎత్తులో ఉంటుందని నా అంచనా. బస్టాండు దగ్గర 15 మీటర్ల ఎత్తున ట్యాంకు కడితే గుట్టవాడకు మిగిలేది నాలుగు మీటర్లు. అది కూడా పైపులో రాపిడి అసలు లేదనుకుంటే. నా అంచనా తప్పు కావచ్చు. లెవెల్ మిషన్ పెట్టి ఒక్క రోజులో కొలిపించండి. కొలవకుండా స్థలం ఖాయం చేయకండి, ఇదొక్కటే నా విన్నపం. సర్కారు జాగా ఖాళీగా ఉంది కదా అని అక్కడ కట్టేస్తే, ఆ ట్యాంకు కింద గుట్టవాడ మనవరాళ్లు కూడా బిందెలు పట్టుకుని నిలబడాలి.

నన్నడిగితే గుట్ట భుజం మీద, ఆంజనేయస్వామి గుడికి వెళ్లే దారిలో ఉన్న సర్కారు భూమిలో నేల మీదే రిజర్వాయర్ కట్టమంటాను. ఎత్తు గుట్టే ఇస్తుంది. స్తంభాల ఖర్చు ఉండదు, అదే డబ్బుతో ఎక్కువ నీళ్లు నిలవ చేయొచ్చు. మిషన్ భగీరథలో చాలా చోట్ల ఇలాగే గుట్టల మీద రిజర్వాయర్లు కట్టి, వాలుకు నీళ్లు దింపారు. అక్కడికి ఎక్కించడానికి కరెంటు బిల్లు కొంత పెరుగుతుంది, నిజమే. కింది వాడల్లో ప్రెషర్ ఎక్కువై పాత పైపులు పగలకుండా మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వులు కూడా పెట్టాలి. ఇవన్నీ లెక్కకు వచ్చే ఖర్చులు. రెండు చోట్లకూ అంచనా వేయించి పక్కపక్కన పెట్టి చూడండి.

పైపుల గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని గురించి మీటింగుల్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. మిషన్ భగీరథ లెక్కలో గ్రామానికి మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీకి 135, కార్పొరేషన్‌కు 150. మన ఊరి బోర్డు మారింది, లెక్క 100 నుంచి 135కు పెరిగింది. గల్లీల్లో ఉన్నవి మాత్రం పంచాయతీ నాటి పైపులే. చాలా చోట్ల 90 మిల్లీమీటర్లు, కొన్ని చోట్ల 63. అవే నీళ్లు 90 పైపులో పోయేటప్పటి కంటే 63 పైపులో పోయేటప్పుడు రాపిడి ఐదారు రెట్లు పెరుగుతుంది. పైపులో పారే నీళ్లు రెండింతలైతే రాపిడి రెండింతలు కాదు, దగ్గర దగ్గర నాలుగింతలవుతుంది. ట్యాంకు ఎత్తు ఇచ్చిన ప్రెషర్‌ను సన్న పైపు దారిలోనే తినేస్తుంది.

లెక్క సులువుగా ఉండడానికి మన జనాభా 20 వేలు అనుకుందాం. 135 లీటర్ల చొప్పున రోజుకు 27 లక్షల లీటర్లు. ఇవి ఇరవై నాలుగు గంటలూ సమానంగా పారితే సెకనుకు 31 లీటర్లు చాలు. జనం పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ వాడతారు కాబట్టి చిన్న పట్టణాలకు మూడు రెట్లు పెట్టుకోమని అదే మాన్యువల్ అంది. అంటే సెకనుకు 94 లీటర్లు. మరి అదే 27 లక్షలు రెండు గంటల్లో ఇచ్చేయాలంటే? సెకనుకు 375 లీటర్లు. మనం వాడల వారీగా వదులుతాం కాబట్టి మెయిన్ లైను మీద ఇంత భారం ఒకేసారి పడదు. కానీ ఏ గల్లీ పైపును తీసుకున్నా దాని మీద పడేది ఈ లెక్కే. రోజు మొత్తం పారాల్సిన నీళ్లు గంట రెండు గంటల్లోనే పారాలి. గంట సేపు నీళ్లిచ్చే ఊరికి రోజంతా ఇచ్చే ఊరి కంటే లావు పైపులు కావాలి. మన దగ్గర గంటే నీళ్లు, పైపులు కూడా సన్నవే.

అందుకే జనం మోటార్లు బిగించుకున్నారు. వాళ్లను తిట్టడం సులువు. నేనూ తిట్టాను, ఒకటి రెండుసార్లు మోటార్లు పీకించాను కూడా. కానీ పైనుంచి రాని నీటిని మోటారుతో లాక్కోవడం తప్ప వాళ్లకు ఇంకో దారి ఏముంది? మోటారు లాగినప్పుడు పైపులో ప్రెషర్ పోయి పీల్పు మొదలవుతుంది. మోరీ పక్కన పైపుకు చిన్న పగులున్నా మోరీ నీళ్లు లోపలికి వస్తాయి. వాల్వు కట్టేసి పైపు ఖాళీ అయ్యేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మొదటి బిందె మురికిగా వస్తే "నది నీళ్లే అట్ల ఉన్నయి" అని చాలామంది అనుకుంటారు. శుద్ధి ప్లాంటులో నీళ్లు బాగానే ఉంటాయి, చెడేది మన గల్లీలోనే. నీళ్లు ఎక్కువ గంటలు వస్తూ, పైపు ఎప్పుడూ నిండుగా ఉంటే మోటార్ల అవసరం దానంతటదే తగ్గుతుంది. ఒక్కసారిగా ఇరవై నాలుగు గంటలు ఇవ్వమని అడగను. ఒక్క వాడను తీసుకుని, దానికి వేరే వాల్వు, వేరే మీటరు పెట్టి, ఆరు నెలలు ఎక్కువ గంటలు ఇచ్చి చూడండి. గుట్టవాడతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వచ్చేవి ఏ నీళ్లు అన్న ప్రశ్న ఇది. మన నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్న వేయకుండా నీటి పథకం రాయకూడదు.

మన జిల్లా బట్లపల్లిలో ఫ్లోరోసిస్, అంటే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడిపోయే జబ్బు, బయటపడింది 1945లో. ముప్పై ఏళ్ల తర్వాత నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని తయారుచేస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు వచ్చింది. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే చదువుకుంటారు. ఒక జిల్లా పేరు ప్రపంచానికి తెలియడానికి ఇంతకంటే బాధాకరమైన కారణం ఉండదేమో. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. మా నీళ్ల గోస దేశానికి వినపడాలని సామాన్యులు వేసిన నామినేషన్లవి. ఆ రోజుల్లో ఓటేసిన వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

మా ఇంట్లో ఆ గోస మా పెద్దక్కది. ఆమెను ఇచ్చిన ఊళ్లో బోరింగు నీళ్లే దిక్కు. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. మా అక్కకు ముందు కీళ్ల నొప్పులన్నారు. తర్వాత నడుము బిగుసుకుపోయింది. ముప్పై దాటేసరికి కింద కూర్చోలేదు, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. నీళ్లు కాచి తాగమని ఎవరో చెబితే ఏళ్ల తరబడి కాచి తాగింది. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు. బావ పోయాక ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను. మన ఊరికి నది నీళ్లు వచ్చిన రోజు ఆమె గ్లాసు పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఆమెకు జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది. "పోరగాండ్లకన్న మంచిగుంటది" అంది.

తర్వాత కొన్నేళ్లకు ఒక ఎండాకాలంలో పెద్ద లైను పగిలి, తొమ్మిది రోజులు నది నీళ్లు రాలేదు. మూడో రోజున నాకు ఫోను వచ్చింది. చెరువు కింది పాత బోర్లు ఆన్ చేసి ట్యాంకులోకి ఎక్కించమన్నారు. జనం రోడ్డెక్కుతారని వాళ్ల టెన్షన్ వాళ్లది. ఆ స్విచ్ వేసింది నేనే. ఇవి బోరు నీళ్లు, తాగకండి అని ఎవరికీ చెప్పలేదు. చెప్పమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నది నీళ్లు తిరిగి వచ్చాక కూడా సరిపోవడం లేదని ఆ బోర్లను ఆపలేదు. వానలు పడేదాకా రెండు నెలలు కలిపే వదిలాం.

ఆ నెలల్లో ఒక రోజు అన్నానికి కూర్చుంటే మా అక్క అడిగింది: "తమ్మీ, పప్పు ఉడుకుత లేదు. ఏం నీళ్లు ఇడుస్తున్నవురా?"

గట్టి నీళ్లలో పప్పు ఉడకదని మన ఆడవాళ్లందరికీ తెలుసు. ల్యాబ్ రిపోర్టు కంటే ముందు పొయ్యి మీది గిన్నె చెబుతుంది. నేను ఆమెకు జవాబు చెప్పలేదు. ఈ లేఖలో చెబుతున్నాను.

భయపెట్టడానికి చెప్పడం లేదు. తొమ్మిది రోజులకు ఎవరి ఎముకలూ వంగవు, అది ఏళ్ల తరబడి జరిగేది. కానీ పళ్లు, ఎముకలు ఎదిగే వయసు పిల్లలు ప్రతి ఎండాకాలం రెండు మూడు నెలలు ఇవే నీళ్లు తాగితే ఆ నెలలన్నీ కలిపితే ఎన్నేళ్లవుతాయి? కలపడం వల్ల ఏమవుతుందో లెక్క చూడండి. దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా సరే అంటారు. నది నీటిలో 0.3, బోరు నీటిలో 4 ఉన్నాయనుకోండి. మూడు పాళ్లు నది నీళ్లకు ఒక పాలు బోరు నీళ్లు కలిపితే 1.2 దాటుతుంది. రెండు పాళ్లకు ఒక పాలు కలిపితే 1.5 గీత దాటిపోతుంది. ఎంత కలపొచ్చన్నది ఆ బోరులో ఆ నెలలో ఎంత ఉందో తెలిస్తేనే చెప్పగలం. మేము కొలవలేదు, కొలిచే ఏర్పాటు కూడా లేదు. మోటారు ఎంతసేపు నడిస్తే అంత కలిపాం.

కొత్త పథకంలో దీనికి జాగా ఉండాలి. బోర్లు మూసేయమనడం లేదు. ఆపద రోజున అవే దిక్కు. వాటి నీళ్లు వాడకానికి వేరే లైనులో, వాడకొక చిన్న ట్యాంకులోకి పోవాలి. పాత సింటెక్స్ ట్యాంకులు, కుళాయి గద్దెలు చాలా వాడల్లో ఇంకా ఉన్నాయి, కొద్దిగా బాగు చేయిస్తే పనికొస్తాయి. బట్టలకు, గిన్నెలకు, పశువులకు అక్కడ పట్టుకుంటారు. తాగే నీళ్ల ట్యాంకులోకి బోరు పైపు కలిసే ఆ జాయింటును మాత్రం కోయించేయండి. వాల్వు పెట్టి మూసి ఉంచితే సరిపోదు. వాల్వు ఉన్నంతకాలం ఎవరో ఒకరికి ఫోను వస్తుంది, ఎవరో ఒకరు తిప్పుతారు.

దాని బదులు తాగే నీళ్లను నిలవ ఉంచుకోవాలి. తాగడానికి, వండుకోవడానికి మనిషికి పది లీటర్లు అనుకుంటే 20 వేల మందికి రోజుకు 2 లక్షలు. ఐదు రోజుల ఆపదకు 10 లక్షల లీటర్లు. గుట్ట మీద రిజర్వాయర్ అన్నది ఇందుకే. రోజువారీ సరఫరాకు ప్రెషర్ ఇస్తుంది, లైను పగిలిన రోజున వాల్వులు కట్టేసి, ఉన్న నీళ్లను వంతుల వారీగా మనిషికింత అని ఇవ్వొచ్చు. లైను పగలడమన్నది ఎప్పుడో ఒకసారి కాదు, నేను పనిచేసిన కాలంలో ఏటా చూశాను. రోడ్డు పనికి జేసీబీ వచ్చిందంటే నాకు ముందే నిద్ర పట్టేది కాదు.

ఇంకో ఆపద కూడా ఉంది. మన వైపుకొచ్చే కృష్ణా నీళ్లకు ఆధారం సాగర్. నిండు మట్టం 590 అడుగులు. 510కి దగ్గరపడిందంటే సాగర్ నీళ్లు తోడే పుట్టంగండి పంపులకు నీళ్లందడం కష్టమవుతుంది, అత్యవసర పంపులు దించాల్సి వస్తుంది. అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి హైదరాబాద్‌కు కూడా ఈ నీళ్లే పోతాయి. వానలు సరిగా లేని ఏడాది మార్చి తర్వాత మనకు పూర్తి కోటా వస్తుందనుకుని పథకం రాయకండి. సగమే వస్తే ఏ వాడకు ఎన్ని రోజులకోసారి, ఎంత సేపు అన్న పట్టిక ముందే తయారుగా ఉండాలి. అప్పటికప్పుడు ఫోన్ల మీద నడిపితే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకు నీళ్లు పోతాయి. వాల్వు తిప్పేవాడి మీద ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చెరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తాగే నీళ్లు నదివైనా, బోర్లు బతకాలంటే చెరువు నిండాలి. చెరువు నిండిన ఏడాది పాత బోర్లలో నీళ్లు పైకొస్తాయి, రుచి కూడా మారుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక తీసిన చెరువులు చాలా ఉన్నాయి, మనది కూడా. ఇప్పుడు హైదరాబాద్ రోడ్డు వైపు వెంచర్లు వేసి, చెరువుకొచ్చే వాగు కాలువ మీదే మట్టి పోస్తున్నారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. మన పాత బోర్ల చుట్టూ ఎన్ని కొత్త బోర్లు పడ్డాయో ఒక్కసారి నడిచి చూడండి. ఆ వెంచర్లకు కూడా రేపు నల్లా కనెక్షన్లు ఇవ్వాల్సిందే. పైపులకు ముప్పై ఏళ్ల ముందుచూపు ఉండాలంటారు కదా, మరి ఆ ప్లాట్లన్నీ ఇళ్లయ్యాక ఊరు ఎంతవుతుందో లేఅవుట్లు చూసి లెక్కకట్టండి. పాత జనాభా లెక్కలకు శాతం కలిపి సరిపెట్టకండి.

క్లోరిన్ గురించి ఒక్క మాట. ట్యాంకు దగ్గర కాదు, చివరి నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదుకు లక్ష లీటర్లకు సుమారు 800 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ పడుతుంది, అది కూడా పౌడర్‌లో పావు వంతు క్లోరిన్ ఉంటేనే. షెడ్డులో ఆరు నెలలు ముక్కిన బస్తాకు ఆ బలం ఉండదు. నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే క్లోరోస్కోప్ డబ్బా చాలా చవక. రోజూ గుట్టవాడలో ఒక నల్లా దగ్గర చూసి పలక మీద రాయించండి.

టెండరు పిలవకముందే, ఖర్చు లేకుండా మీరు చేయగల పని ఒకటి చెబుతాను. ఒక రాత్రి ట్యాంకు నిండా నింపి, రెండు గంటలకు, ఊరంతా నిద్రపోయాక, ఔట్‌లెట్ వాల్వు తెరిచి ఉంచి, గంటలో నీటి మట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చూడండి. పది మీటర్ల అడ్డకొలత ఉన్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు అంటే 785 లీటర్లు. సంపుల్లోకి తెరిచి పెట్టిన నల్లాలను ముందు రోజే దండోరా వేయించి కట్టించాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. అప్పటికీ మట్టం దిగితే ఆ నీళ్లు మట్టిలోకి పోతున్నాయి. ఒక్కో వాడ వాల్వు కట్టుకుంటూ వెళ్తే ఏ వాడలో పోతున్నాయో తెల్లారేసరికి తెలుస్తుంది. ఉన్న నీళ్లు ఎక్కడ కారిపోతున్నాయో తెలియకుండా కొత్త నీళ్లు నిలవ చేయడానికి డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచడం లేదు.

ఈ పని చేయడానికి ఒక అడ్డంకి ఉంది. మన ఊళ్లో నలభై ఒక్క వాల్వులుంటే అందులో ఏడు సీసీ రోడ్ల కింద పూడిపోయాయి. రోడ్డు వేసేటప్పుడు చాంబరు పైకి లేపమని నేను బతిమాలినా కాంట్రాక్టరు మనుషులు వినలేదు. అవి సగం తెరిచి ఉన్నాయో, పూర్తిగా తెరిచి ఉన్నాయో ఇప్పుడు ఎవరికీ తెలియదు. గుట్టవాడ లైను మీది వాల్వుల్లో ఒకటి ఆ ఏడింటిలో ఉంది. అది సగం మూసి ఉంటే, కొత్త ట్యాంకు నీళ్లు కూడా ఆ సగం సందులోంచే పోవాలి.

మున్సిపాలిటీలో పైపుల మ్యాపు లేదు. నాతోపాటు పనిచేసిన ఇద్దరు చనిపోయారు, ఒకరు కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ పని చేస్తున్న పిల్లలు ఔట్‌సోర్సింగ్ వాళ్లు, మంచి పనిమంతులు. కానీ ఏ గల్లీలో ఏ పైపు ఎంత లోతున ఉందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. వాళ్లకు జీతం నెలనెలా అందేలా చూడండి, వాళ్లు చెప్పేది మీటింగుల్లో వినండి. ఈ రెండేళ్లలో నాకు గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో వాడవాడా గీసి పెట్టాను. నలభై ఒక్క వాల్వులు, పూడిపోయిన ఏడింటికి ఏ ఇంటి గోడ నుంచి ఎన్ని అడుగులో గుర్తులు, పైపుల సైజులు, బోరు లైను ట్యాంకులో కలిసే చోటు, అన్నీ అందులో ఉన్నాయి. కాపీ తీసి మున్సిపల్ ఆఫీసులో ఇస్తాను, రసీదు ఇస్తే చాలు.

గుట్టవాడ వంతు ఇప్పుడు రోజు విడిచి రోజు, పొద్దున ఐదున్నరకు వస్తోంది. వచ్చే సోమవారం ఆ వంతు ఉంది. మీలో ఎవరు వచ్చినా ఐదింటికి హనుమాండ్ల గుడి మెట్ల దగ్గర ఉంటాను. ఒక బిందె, ఒక గడియారం, ఒక ప్రెషర్ గేజీ తెస్తాను. చివరి ఇంటి అమ్మతో మాట్లాడాను, వాళ్ల నల్లా దగ్గర కొలుచుకోమంది. నీళ్లు వచ్చేదాకా కూర్చోవడానికి మంచం కూడా వేస్తానంది.

ఇట్లు,
మన ఊరి పాత వాల్వు ఆపరేటర్